అల్లుడు నేసిన మూరెడు గుడ్డ

ఈ ఇంటి యజమానిని, వృత్తిరీత్యా నేతగాడిని, వయసు డెబ్బై దాటినవాడిని అయిన నేను, ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి మాటకూ లొంగకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగా ఉందని మొట్టమొదట రాయాలని మందుల షాపాయన చెప్పాడు. ఆయన ఇంటి గోడ తగాదా మీద కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి చట్టం నోటికి పట్టిన మనిషి, కాబట్టి ఆయన చెప్పినట్టే రాస్తున్నాను: బుద్ధి స్థిరంగా ఉంది. కాళ్లే ఒకచోట నిలవడం లేదు. ఈ నాలుగు ముక్కలు రాసేలోపే లేచి మగ్గం దాకా వెళ్లి, గుడ్డ తడిమి, మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఇదేమీ జబ్బు కాదు. సంతోషం. ఈ వయసులో ఇంత సంతోషం ఒంటికి మంచిదో కాదో డాక్టర్ని అడగలేదు.

గుండెనొప్పితో ఆస్పత్రికి వెళ్లేముందు నేను రాసిన వీలునామా ఒకటి బీరువాలో ఉంది. దాన్ని ఇందుమూలంగా పూర్తిగా రద్దు చేస్తున్నాను. నా తదనంతరం మగ్గం విప్పించి, ఆ కర్ర వడ్రంగికి ఇచ్చేయమని అందులో రాశాను. నా తర్వాత ఇంట్లో నేసేవాళ్లు లేరు మరి. మా అమ్మాయి నర్సు. పొద్దస్తమానం నిలబడి, పరిగెత్తి చేసే పనే దానికిష్టం, కూర్చోబెడితే నిద్రపోతుంది. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు డాక్టరు, ఇక మగ్గం తొక్కడానికి వీల్లేదని నాకూ తేల్చి చెప్పేశాడు. సగం నేసిన దుప్పటి మగ్గం మీదే ఉండిపోయింది. దాన్ని ఎవరు పూర్తి చేస్తారు? నాకిప్పుడు కావలసింది ఆ ఒక్క జవాబే. నా జబ్బు కోసం సెలవు పెట్టి వచ్చి మా ఇంట్లోనే ఉన్న అల్లుడూ అమ్మాయీ ఈ సాయంత్రం బస్సుకు వాళ్ల ఊరు వెళ్లిపోతున్నారు. లోపలి గదిలో సంచులు సర్దుతున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. జిప్పు లాగిన ప్రతిసారీ ఉలిక్కిపడుతున్నాను. అందుకే గబగబా రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

1. నా స్వార్జితమైన ఈ ఇల్లు, మగ్గం గదీ వరండాతో సహా, నా తదనంతరం మా ఇంటావిడకు చెందుతుంది. ఆవిడ ఉన్నంతకాలం సర్వహక్కులతో అనుభవించవచ్చు, ఆ తర్వాత మా అమ్మాయికి. ఇందులో ఎవరికీ ఏ పేచీ లేదు. మగ్గం గది కిటికీ తలుపు మాత్రం ఉబ్బిపోయింది, బలవంతంగా మూయవద్దు. పోగు కనబడాలంటే ఆ కిటికీ వెలుతురే గతి. మా ఇంటావిడ కాపురానికి వచ్చిన కొత్తలో ఇల్లంతా ఒకసారి తిరిగి చూసి, "మంచి గది మగ్గానికిచ్చి మనకి చీకటి గది పెట్టారేంటి?" అంది. ఇప్పటికీ అంటూనే ఉంది.

2. చెక్కపెట్టెలో పైనే ఉన్న బూడిదరంగు చొక్కా కూడా ఆవిడకే. నూలు నేను ఎంచినది, నేత నాది, కానీ అందులో ఒక రఫూ ఆవిడది. పెళ్లయిన కొత్తలో ఏదో మేకు తగిలి వీపు వైపు చిరిగింది. ఎక్కడ చిరిగిందో సరిగ్గా చూసుకోనేలేదు, విప్పి ఇచ్చేశాను. సాయంత్రానికి బాగుచేసి చేతిలో పెట్టింది. వెలుతురుకు పట్టి చూశాను, తిరగేసి చూశాను, కళ్లు మూసుకుని వేళ్లతో తడిమాను. పుట్టినప్పటి నుంచీ పోగుల మధ్య పెరిగినవాణ్ణి, చిరుగు ఎక్కడుందో కనిపెట్టలేకపోయాను! అడిగితే, "మీరు నేతగాళ్లు కదా, వెతుక్కోండి" అని నవ్వింది. అప్పటి నుంచి ఆ చొక్కా ఉతికి ఆరేసినప్పుడల్లా వెతుకుతూనే ఉన్నాను. కొత్త చొక్కా తొడుక్కుంటే బాగానే ఉంటుంది, కాదనను. కానీ మన కోసం ఒక మనిషి తల వంచుకుని, సూదిమొనతో ఒక్కో పోగూ ఎత్తి, పొద్దుగూకేదాకా కూర్చున్న చొక్కా తొడుక్కుంటే వీపు మీద చెయ్యి వేసినట్టుంటుంది. షరతు: నేను పోయేలోపు ఆ చోటు నాకు చూపించాలి. ఇలాంటి షరతు చెల్లదని మందుల షాపాయన అంటున్నాడు. చెల్లకపోతే పోయె, ఉండనివ్వండి.

3. రంగునూలు డబ్బా, అందులోని నూలు చుట్టిన మిగులు కండెలూ మా మనవరాలికి. దాని గౌను గుడ్డ నేను నేశాను. కింద బాగా లోతుగా మడిచి కుట్టించాం, ఏడాదికోసారి అమ్మమ్మ ఆ మడత కాస్త విప్పుతుంది. విప్పినప్పుడల్లా పాత మడత జాడ ఒక ముదురు గీతలా మిగిలిపోతుంది. స్కూల్లో ఎవరో "పాత గౌనా?" అని వెక్కిరిస్తే, "పాతదేం కాదు, నాతో పాటే పెరుగుతోంది" అని చెప్పిందట. ఆ మాట విన్నరోజు నాకు అన్నం అక్కర్లేకపోయింది. ఆ డబ్బాలో నూలు చిక్కుపడి ఉంటుంది. కత్తెర పెట్టవద్దమ్మా, నిదానంగా విప్పుకో. తాత ఇన్నాళ్లూ చేసిన పనిలో సగం అదే.

4. మా తమ్ముడికి, రెండు తుండుగుడ్డలు. మా నాన్న మగ్గం పంపకాల్లో వాడి వాటాకు వచ్చింది. వాడు దాన్ని ఒక పెద్ద హోటలుకు అమ్మేశాడు. అదిప్పుడు ఆ హోటల్లో మెట్ల పక్కన, నెత్తిన పూలకుండీ పెట్టుకుని నిలబడి ఉంది. ఒక్క పోగు లేదు దాని మీద. వచ్చినవాళ్లు పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. చూసొద్దామని ఒకసారి వెళ్లాను. చెయ్యి వేయబోతే కాపలావాడు, "తాతా, ముట్టుకోకూడదు" అన్నాడు. నన్ను! నేను నడక నేర్చుకుంది ఆ మగ్గం కాలు పట్టుకునే. కాబట్టి తమ్ముడూ, నువ్వు వీలున్నప్పుడల్లా వెళ్లి ఈ తుండుగుడ్డలతో దాన్ని తుడిచి రావాలి. మంచివే ఇస్తున్నాను, చెడ్డవి నేయడం నాకు చేతకాదు. నీ మీద కోపం మాత్రం అలాగే ఉంది. దాన్ని ఎవరికీ రాసివ్వడం లేదు, నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

5. నీలం చారల చొక్కా గుడ్డ పక్కవీధి టైలరుకు.

ఈ వాక్యం దగ్గర మందుల షాపాయన నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. టైలరు ఈ వీలునామాకు సాక్షి, సంతకం కోసం వచ్చి ఇక్కడే కూర్చున్నాడు. సాక్షి సంతకం పెట్టేవాడు అందులోంచి ఏమీ పుచ్చుకోకూడదట, రేపు ఎవరైనా వంక పెడతారట. టైలరు వెంటనే, "అయితే సంతకం మానేస్తా, గుడ్డ ఇవ్వు" అన్నాడు. కాస్త ఆగి మళ్లీ తనే, "అయినా నువ్వు పోయేదాకా నేను కాచుక్కూర్చోవాలేంట్రా? ఇచ్చేదేదో ఇప్పుడే చేతిలో పెట్టు. కుట్టుకుని, తొడుక్కుని, నీ ముందే తిరుగుతా" అన్నాడు. లేచి వెళ్లి గుడ్డ తెచ్చి చేతిలో పెట్టాను. వాడు అక్కడే భుజాన వేసుకుని చూసుకున్నాడు. వాడి మొహంలో వెలుగు చూస్తే భలే ముచ్చటేసింది. చచ్చాక ఇస్తే నాకీ మొహం కనిపించేదా? కాబట్టి ఐదో అంశం కొట్టివేయడమైనది.

6. నా మగ్గం, గుడ్డ చుట్టుకునే దోనె, పోగును దగ్గరికి కొట్టే పన్నె, అటూ ఇటూ పోగు మోసే నాడెలు, కండెలతో సహా, నా తదనంతరం మా అల్లుడికి చెందవలెను.

రాసేశాను. ఒకసారి వరండా చివరిదాకా వెళ్లొచ్చాను.

ఎందుకు రాశానో చెప్పకపోతే మా తమ్ముడు నా బుద్ధి మీదే అనుమానం పెడతాడు. మా అల్లుడు బస్సు డ్రైవరు. పెళ్లికి ముందు నేను స్వయంగా నేసి పంపిన చొక్కా గుడ్డ పక్కన పడేసి, షాపులో హ్యాంగరుకు వేలాడే చొక్కా కొనుక్కుని వచ్చిన మనిషి. మెడ వెనక కంపెనీ చీటీ కూడా పీకలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆయన పేరు 'రెడీమేడ్'. ఆ సంగతి ఆయనకూ తెలుసు. గుండీ ఊడిందంటే చాలు, ఆ చొక్కా మర్నాటికి ఇంజను తుడిచే గుడ్డ అయిపోతుంది. ఇన్నేళ్లలో మేమిద్దరం నేరుగా మాట్లాడుకున్నది లేదు. ఒకే గదిలో కూర్చుని, "మీ ఆయన్ని టీ తాగమనమ్మా" అని నేను, "మీ నాన్నగారిని మందు వేసుకోమను" అని ఆయన. మధ్యలో మా అమ్మాయి నాడెలాగా అటూ ఇటూ.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక అందరూ పడుకోమన్నారు. నేను మగ్గం గదికి వెళ్లాను. దుప్పటి మీద అరచెయ్యి పెట్టి జరుపుకుంటూ వెళ్లాను. నేను ఆపిన చోటు నా వేళ్లకు తెలుసు. ఆ చోటు దాటినా గుడ్డ ఆగలేదు! ఇంకో మూరెడు ఉంది. అది నా నేత కాదు. నేను కుడిచేత్తో నాడె తాడు లాగి, ఎడమచేత్తో పన్నె పట్టుకుని పోగును దగ్గరికి కొడతాను. అందుకే నా గుడ్డ ఎప్పుడూ ఎడమ అంచు వైపు పిసరంత బిగువుగా ఉంటుంది. ఇదేమో కుడి అంచు వైపు బిగుసుకుపోయి ఉంది. అంటే ఎడమచేత్తో తాడు లాగి కుడిచేత్తో కొట్టారు, నేసినవాడిది ఎడమచేతి వాటం. మా ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్క అల్లుడిదే. చాలదన్నట్టు, కండె అయిపోయిన చోటల్లా మేమైతే కొత్త పోగును పాత పోగు పక్కన కాస్త దూరం కలిపి నేసి వదిలేస్తాం. ఇక్కడ ప్రతిచోటా ఒక ముడి ఉంది. అలాంటిలాంటి ముడి కాదు, బస్సు టాపు మీద సామాను కట్టే ముడి! ఎంత గుంటలో పడినా ఊడదు. దుప్పటి కప్పుకుంటే ఒళ్లంతా గుచ్చుకోవడం ఖాయం.

అక్కడే నిలబడి నవ్వాను, కళ్లు తుడుచుకున్నాను, మళ్లీ నవ్వాను. మా అమ్మాయి వచ్చి, "ఏంటి నాన్నా, ఏమైంది?" అంటే, "ఈ మూరెడు ఎవరు నేశారే?" అన్నాను. "గాలికి అదే నేసుకుందేమో" అని వెళ్లిపోయింది. అల్లుడుగారు ఆ పూటంతా బస్సు డిపోలో పనుందని ఇంటికే రాలేదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఒక గుడ్డ ఏ చేత్తో మొదలైతే ఆ చేత్తోనే ముగియాలి. మధ్యలో చెయ్యి మారితే గుడ్డకు అడ్డంగా గీత పడుతుంది. షాపువాడు వేలితో తడిమి వెనక్కి నెట్టేస్తాడు. మా ఇంటావిడ కూడా, "ఆ ముక్క కోసేసి, మీరు నేసిందాన్ని తువ్వాళ్లు చేసేద్దాం" అంది. నేను కత్తెర తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. నిజం చెప్పాలంటే అంత ఘోరమైన నేత నేను ఈ జన్మలో చూడలేదు. అంత ముద్దొచ్చిన గుడ్డ కూడా ఇంకోటి లేదు. మొదట్లో దెబ్బ మరీ మొరటు, బ్రేకు తొక్కినట్టు తొక్కి ఉంటాడు. సగానికి వచ్చేసరికి కాస్త నెమ్మదించింది. చివర్లో ఒక నాలుగు వేళ్ల మేర ఉంది చూశారూ, అక్కడ దెబ్బ మీద దెబ్బ ఒకేలా పడింది. అక్కడికి వచ్చేసరికి ఆయన మగ్గం చప్పుడు వినడం మొదలుపెట్టాడన్నమాట. అది వినబడటం మొదలైతే మనిషి ఇక లేవలేడు. కాలూ చెయ్యీ నాడె అన్నీ ఒక లయలో పడతాయి, ఆకలి గుర్తుండదు, మధ్యాహ్నం ఎప్పుడు జారిపోయిందో తెలియదు. లేచి చూసుకుంటే పొద్దున లేని గుడ్డ సాయంత్రానికి జానెడు ఉంటుంది, వేలు పెట్టి చూపించుకోవచ్చు. ఆ సుఖం తెలిసినవాడు నా తర్వాత ఎవరూ ఉండరనుకున్నాను. మా ఇంట్లోనే, వంటింటి గడప దగ్గర నిలబడి టీ తాగుతున్నాడు!

మూడు రోజుల నుంచి ఇదే అవస్థ. ఆయన నోరు విప్పడు, నేను అడగను. అడిగితే, ఏదో ఊసుపోక కూర్చున్నానండి, తప్పయింది అనేస్తే? ఆ ఒక్క మాటతో ఈ సంతోషమంతా కిందపడి పగిలిపోదూ? అందుకే వీలునామాలో రాద్దామనుకున్నాను. నేను పోయాక చదువుకుంటాడు, కాదనడానికి ఎదురుగా నేను ఉండను.

టైలరు నా భుజం మీదుగా ఇదంతా చదువుతున్నాడని ఇప్పుడే తెలిసింది. "మగ్గం కూడా చచ్చాకేనా ఇచ్చేది? అప్పటిదాకా ఆ పోగుల్ని ఎలకలు నేస్తాయా?" అంటున్నాడు. లోపల ఇంకో జిప్పు లాగారు. పెన్ను మూత పెడుతున్నాను.

తిరిగి వచ్చి రాస్తున్నాను. నిలబడే రాస్తున్నాను, అక్షరాలు కూడబలుక్కుని చదువుకోండి.

లోపలికి వెళ్లాను. అల్లుడుగారు చొక్కాలు మడత పెడుతున్నాడు. మా అమ్మాయి అలవాటు కొద్దీ, "ఏం చెప్పమంటావు నాన్నా?" అంది. "నువ్వుండమ్మా" అన్నాను. ఆయన వైపు తిరిగి, "అల్లుడుగారూ, ఆ మూరెడు నేసింది మీరు. మిగతాది కూడా మీరే నేయాలి" అన్నాను. అంతే, ఇన్నేళ్ల తర్వాత ఆయనతో నేను నేరుగా అన్న మొదటి మాట అది.

ఆయన మడతపెట్టిన చొక్కానే మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టాడు. తర్వాత తలెత్తకుండా, "ఆస్పత్రికి క్యారేజీ తెచ్చినప్పుడు చూశాను మామగారూ. నిద్రలో మీ చెయ్యి తాడు లాగుతూనే ఉంది. ఆ పని ఆగిపోయిందనే మీకు బెంగ అనుకున్నాను. ఇంటికొచ్చి కూర్చున్నాను. పాడుచేశానని తెలుసు. కానీ మర్నాడు కూడా కూర్చోబుద్ధయింది" అన్నాడు. మా అమ్మాయి, "నేను కండెలు చుట్టిచ్చాను, అంతే" అని ఒప్పుకుంది. చూశారా, గాలి ఎటు నుంచి వీచిందో!

అప్పుడాయన అడిగిన మాట నేను కలలో కూడా ఊహించలేదు. "ఇక్కడికి వచ్చి నేయాలంటే నా డ్యూటీతో కుదరదండి. మగ్గాన్ని మా ఇంటికి తీసుకెళ్లనిస్తారా?" అన్నాడు.

మగ్గం ఆ కిటికీ పక్కనే ఉంటుందని, ఆయనే వస్తూ పోతూ ఉంటాడని నా లెక్క. ఆ గదిలోంచి మగ్గం వెళ్లిపోవడమంటే! పొద్దున్నే లేచి నేను ఎటు వెళ్లాలి? ఒక చెయ్యి తలుపు మీద వేసి నిలబడ్డాను. ఆయన చేతుల వైపు చూశాను. స్టీరింగు పట్టి పట్టి కాయలు కాసిన చేతులు, కుడి బొటనవేలి పక్కన పోగు కోసిన గీత. అది మా నేతగాళ్ల గీత. కొత్తగా నేత నేర్చుకునే ప్రతివాడికీ అక్కడే కోస్తుంది. నాకూ కోసింది.

"తీసుకెళ్లండి" అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటా, వంటింట్లోంచి మా ఇంటావిడ వచ్చేసింది.

కాబట్టి ఆరో అంశం కూడా కొట్టివేయడమైనది. పైన పేర్కొన్న మగ్గం ఈ క్షణం నుంచి నా ఆస్తి కాదు. దాని మీద నాకు గానీ, నా వారసులకు గానీ, ముఖ్యంగా మా తమ్ముడికి గానీ ఎలాంటి హక్కూ లేదు. అది మా అల్లుడుగారిది. ఆయన దాన్ని నేతకు తప్ప దేనికీ వాడరాదు అని రాయబోయి మానుకున్నాను. ఇచ్చాక ఇక షరతులేంటి?

7. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా అమ్మాయిది. మామా అల్లుళ్ల మధ్య మాటలు మోసే ఉద్యోగం ఈరోజుతో పోయింది కనుక దానికి తీరిక ఉంటుంది.

8. గిన్నెలు, బీరువా, ఇతర చరాస్తి మా ఇంటావిడ ఇష్టం. దుప్పటిని మాత్రం ఎక్కడా కోయకూడదు. నా సగం, ఆయన సగం, మధ్యలో పడ్డ గీత, అన్నీ ఉండాలి. పూర్తయ్యాక దాన్ని ఎవరు కప్పుకోవాలో నేనూ అల్లుడుగారూ మాట్లాడుకుని తేల్చుకుంటాం.

ఇక ఒక్క సంగతి. మగ్గం విప్పడం ఎవరికైనా వస్తుంది. మళ్లీ బిగించి, పడుగు సరిచూసి, పోగు పోగుకూ బిగువు కుదర్చడం ఆయనకింకా రాదు. పైగా ఆ ముడుల సంగతి దగ్గరుండి చూడకపోతే మిగతా దుప్పటి కూడా అంతే అవుతుంది. డాక్టరు తొక్కవద్దన్నాడు గానీ, పక్కన స్టూలు వేసుకుని కూర్చోవద్దనలేదు. అందుచేత నేను కూడా ఈ సాయంత్రం బస్సుకే వెళుతున్నాను. సెలవు అయిపోయింది కనుక నడిపేది అల్లుడుగారే, మగ్గం టాపు మీదికి, డ్రైవరు వెనక సీటు నాకు అట్టేపెడతానన్నాడు. మామ వెళ్లి అల్లుడింట్లో మకాం వేశాడని నలుగురూ నవ్వుతారంటారా, నవ్వనివ్వండి. దుప్పటి అయ్యేదాకా ఉంటాను. ఆ తర్వాత ఆయన ఇంకో పడుగు ఎక్కిస్తే అదీ చూసే వస్తాను. మా ఇంటావిడ సంచి నా సంచి కంటే ముందే గుమ్మంలోకి వచ్చేసింది.

దోనె మోసుకుని వరండాలోకి వచ్చేశారు, దారి ఇమ్మంటున్నారు. సంతకం పెడుతున్నాను.

తేదీ: 2026 మార్చి 11, బుధవారం.

ఇట్లు,
సగం దుప్పటి నేసినవాడు

సాక్షులు:

టైలరు, పక్కవీధి. (చొక్కా గుడ్డ చేతికే అందింది. ఈ కాగితం ద్వారా నాకేమీ రావలసింది లేదు.)

మందుల షాపు యజమాని. (పై వ్యక్తి పూర్తి స్పృహతో, మా ఇద్దరి కళ్లముందే సంతకం చేశారు. కూర్చోమన్నా కూర్చోలేదు, నిలబడే చేశారు.)